బడితోటకు నేను వేసిన కంచె

ఈ మధ్య మా వీధి బడిలోని కొత్త టీచర్లు నన్ను పిలిపించుకున్నారు. పిల్లల చేత కూరగాయలు పెంచిస్తున్నారట. పాతకాలం బేసిక్ ట్రైనింగు మనిషిని కదా, బడితోట వల్ల లాభాలేమిటో చెప్పమన్నారు. అరగంట చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే సిగ్గేసింది. నా తోట వల్ల పన్నెండు మంది పిల్లలు ఆసుపత్రి పాలైన సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు. చెప్పాల్సింది అదే. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు. ట్రైనింగు ముగించుకుని, బేతంచెర్లకు నాలుగు మైళ్ల దూరంలోని ఒక పల్లెకు టీచరుగా వెళ్లాను. ఆ ఊళ్లో కాలి కింద బండే, తల మీదా బండే. గోడలు, అరుగులు, ఇళ్ల కప్పులు, మా బడి నేల అన్నీ నాపబండలు. సగం మంది పిల్లల తల్లిదండ్రులు రాళ్ల గనిలో పని చేసేవాళ్లు. మిగిలినవాళ్లు వాన పడితే జొన్నలు, కొర్రలు, బుడ్డలు వేసుకునేవాళ్లు. వేరుశనగను మా జిల్లాలో బుడ్డలంటారు.

ఐదు తరగతులకు ఇద్దరం. నేను, పెద్దయ్యవారు. ఆయనకు యాభై దాటాయి. తెల్ల పంచె, ఎండాకాలంలో కూడా తీయని నల్లకోటు, చేతిలో చింతబరికె. ఆ బరికె పట్టుకునే పాఠం చెప్పేవారు, దానితోనే వీపు గోక్కునేవారు. నేను చేరిన వారానికే బడి వెనక నేల చూపించి, ఇక్కడ తోట వేద్దామండీ అన్నాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశారు.

"ఏమమ్మా, చదువు చెప్పేదానికి వచ్చినావా, సేద్యం చేసేదానికి వచ్చినావా?"

"రెండూ ఒకటేనండీ" అన్నాను. చేతిపనితోనే చదువు చెప్పాలని బేసిక్ ట్రైనింగులో మాకు నూరిపోశారు.

"అట్లయితే నువ్వు సేద్యం చెయ్యి. చదువు నేను చెప్పుకుంటా" అని లోపలికి వెళ్లిపోయారు. వద్దని మాత్రం అనలేదు. దాన్నే నేను అనుమతి అనుకున్నాను.

బడి వెనక జానెడు మట్టి, దాని కింద బండ. వాన వెలిసిన మర్నాడు పిల్లలు గంపలతో వంక నుంచి వండ్రుమట్టి మోసుకొచ్చారు. గని దగ్గర పారేసిన బండముక్కల్ని నిలబెట్టి మళ్లు కట్టాం. నీళ్లదే కష్టం. బావి లోతు. పలకలు కడిగిన నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు, పెద్దయ్యవారు కాళ్లు కడుక్కున్న నీళ్లు కూడా కాలువ కట్టి మళ్లల్లోకి పారించాం. ఆయన అది చూశారు. ఆ తర్వాత బడికి రాగానే రెండుసార్లు కాళ్లు కడుక్కోవడం మొదలుపెట్టారు.

మొదటి ఏడు గోంగూర, వంగ, అలసందలు బాగానే లేచాయి. చుట్టూ వేసిన కంపను మాత్రం ఎవరో పొయ్యిలోకి కొంచెం కొంచెంగా లాక్కుపోయారు. ఒక ఆదివారం మేకల మంద లోపల పడింది. సోమవారం పొద్దున వచ్చి చూస్తే మోళ్లు మిగిలాయి. మూడో తరగతి పిల్లలు బోరున ఏడ్చారు. పెద్దయ్యవారు గుమ్మంలో నిలబడి, "బేసిక్ విద్య మేకలకు బాగా వంటబట్టిందమ్మా" అన్నారు.

ఆ మేకల్ని మేపే తాత సాయంత్రం తలవంచుకుని వచ్చాడు. ఎనభై ఏళ్ల మనిషి. భుజాన మోపెడు పచ్చికొమ్మలు.

"ఇవి నాటు తల్లీ. అడవి ఆముదం. నీళ్లడగదు, పొయ్యిలో మండదు. మేక మూతి పెట్టదు. రెండేండ్లకు నిలువెత్తు లేస్తాది."

ఎంత సంతోషమేసిందో. అక్కడికక్కడే పిల్లల్ని పిలిచి గుంటలు తీయించాను. తాత పోతూ పోతూ వెనక్కి తిరిగి, "కాయ పడే కాలానికి మాత్రం పిల్లోళ్లతో పైలం" అన్నాడు. పైలం అంటే జాగ్రత్త. "సరే తాతా" అన్నాను. ఆ మాట నా చెవిన పడింది, అంతే. రెండేళ్ల తర్వాతి సంగతి కదా. అప్పటికి ఆ తాత కూడా లేడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

ఆ రెండేళ్లూ నా ఉద్యోగంలో నేను గర్వపడిన రోజులు. కంచె లేచింది. మేకలు దాని దాకా వచ్చి, మూతి తిప్పుకుని పోయేవి. లోపల టమోటాలు, సొరపాదు, ఒక మడి బుడ్డలు. విత్తనాలతో కూడికలు, మళ్లతో వైశాల్యాలు. శుక్రవారాలు బడి వెనక మూడు రాళ్ల పొయ్యి మీద గోంగూర పప్పు. ఇంటి దగ్గర పొద్దున ఏమీ తినకుండా వచ్చే గని పిల్లలు ఆ ఒక్క రోజు మాత్రం గంట కొట్టకముందే వచ్చి కూర్చునేవాళ్లు. పెద్దయ్యవారు తోటలోకి ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. కాకపోతే టమోటాలు పండిన రోజుల్లో, ఇంటికెళ్లేటప్పుడు ఆయన కోటు జేబులు కాస్త ఉబ్బి కనిపించేవి. నేను చూడనట్టే ఉండేదాన్ని.

నా గర్వానికి ఒక అట్ట కూడా ఉండేది. బడి గోడకు తగిలించాను. దాని మీద పెద్ద అక్షరాలతో నాలుగు మాటలు: చూడు. తాకు. వాసన చూడు. రుచి చూడు. తోటలో ప్రతి పాఠమూ అలాగే చెప్పేదాన్ని. పచ్చి బెండకాయ కొరికించేదాన్ని, లేత చింతచిగురు నమిలించేదాన్ని. మీ ముక్కు, మీ నాలుక కూడా పుస్తకాలేరా అనేదాన్ని. పిల్లలు ఆ పాఠం నేర్చుకున్నారు. నేననుకున్న దానికంటే బాగా నేర్చుకున్నారు.

ఆ రోజు వానలు వెలిసి వారమైంది. పొద్దున పదిన్నర. మూడో తరగతి పిల్లల్ని కలుపు తీయమని తోటలోకి పంపి, నేను లోపల రెండో తరగతి పలకలు దిద్దుతున్నాను. గని కూలీ కూతురు ఒకత్తి ఉండేది. ఎనిమిదేళ్లు, పిడికెడు మనిషి, అన్నిటికంటే ముందు చెయ్యెత్తే పిల్ల. పరిగెత్తుకుంటూ వచ్చి, ఒలిచిన తెల్లని పప్పొకటి నా అరచేతిలో పెట్టింది.

"టీచరమ్మా, తిని చూడు. శానా తియ్యగా ఉండాది."

"యాడిదే?"

"మన తోటలోదే!"

బుడ్డల మడిలో ముందుగా ఊరిన కాయేమో అనుకున్నాను. పలక మీద నుంచి కళ్లు తిప్పకుండానే నోట్లో వేసుకున్నాను. నమిలాను. నిజంగానే కమ్మగా ఉంది. "శభాష్" అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. తోటలోకి పరిగెత్తింది. టీచరమ్మ కూడా తినింది, శభాష్ అనింది అని అక్కడ చాటింపు వేసిందట. అప్పటిదాకా తినకుండా చూస్తున్నవాళ్లు కూడా అప్పుడే తిన్నారట. ఇది నాకు తర్వాత తెలిసింది. ఇన్నేళ్లయినా ఈ ఒక్క వాక్యం రాయడానికి చెయ్యి ఆగుతుంది.

అరగంట గడిచిందో లేదో, తోటలోంచి తిరిగొచ్చి కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. పొద్దున తిన్నది పడలేదేమో అనుకున్నాను. ఇంకొకడు. తర్వాత ఇద్దరు ఒకేసారి. లేచి వాళ్ల దగ్గరికి పోబోతే నా గొంతు మండింది, కడుపులో చెయ్యి పెట్టి మెలితిప్పినట్టయింది. అప్పుడర్థమైంది, నా నోట్లోకి పోయింది బుడ్డ కాదని. కంచె దగ్గరికి పరిగెత్తాను. అడవి ఆముదం కింద నల్లని పెంకులు కుప్పగా పడి ఉన్నాయి. తాత మాట అప్పుడు వినిపించింది, రెండేళ్లు ఆలస్యంగా.

లోపలికి పరిగెత్తి, పిల్లలు కంచె గింజలు తిన్నారని పెద్దయ్యవారికి చెప్పాను.  ఆయన పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, చేతిలోని చింతబరికెను కిటికీలోంచి బయటికి విసిరేశారు. ఆ బడిలో ఆ బరికె లేకుండా ఆయన్ని చూడడం నాకదే మొదలు.

"కంచె గింజలు ఎవరెవరు తిన్నార్రా? ఎవర్నీ కొట్టను. ఒక్కటి తిన్నా చెప్పండి, నాలుగు తిన్నా చెప్పండి."

అందరికంటే ముందు ఆ పిల్ల, వంగి కడుపు పట్టుకునే, చెయ్యెత్తింది. తర్వాత ఒక్కొక్క చెయ్యే లేచింది. పన్నెండు.

"నేను కూడా అయ్యవారూ" అన్నాను. ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి, "పద్మూడు" అన్నారు. అంతే. 

ఊరి బయట గని నుంచి బేతంచెర్ల స్టేషనుకు బండలు మోసే లారీల దారి ఉంది. యాభై దాటిన ఆ మనిషి పంచె ఎగ్గట్టి పరిగెత్తి, దుమ్ము రేపుకుంటూ వస్తున్న లారీకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. డ్రైవరు ఒక సాయిబు. తల బయట పెట్టి తిట్టబోయి, అయ్యవారిని చూసి ఆగాడు.

"ఏమైందయ్యోరా?"

"బడి పిల్లోళ్లు ఇసపు గింజలు తిన్నారప్పా. ఆసుపత్రికి చేర్చల్ల."

లారీ నిండా బండలు. ఆ బరువుతో ఎక్కుడు దారిలో లారీ నత్తలా పోతుంది, పిల్లల్ని పడుకోబెట్టడానికి చోటూ లేదు. డ్రైవరు ఒకసారి బండల వైపు, ఒకసారి మా వైపు చూశాడు. పైన కూర్చున్న కూలీలను కేకేశాడు.

"దించండప్పా, దించండి! బండలు యాడికీ పోవు."

నలుగురు కూలీలూ బండల్ని దారి పక్కకు దించుతుంటే, నేనూ అయ్యవారూ పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తుకొచ్చాం. ఇళ్ల దగ్గరున్న ముసలివాళ్లు గుండెలు బాదుకుంటూ వచ్చారు. ఒకామె ఆముదం పట్టమంది, ఒకామె ఉప్పునీళ్లు తాగించమంది. పెద్దయ్యవారు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పెంకులు నేను కొంగున మూటకట్టుకున్నాను, డాక్టరుకు చూపించడానికి. ఆ రోజు నేను బుద్ధిగా చేసిన పని అదొక్కటే.

ఆ నాలుగు మైళ్లూ పెద్దయ్యవారు లారీ వెనక, ఒడిలో ఇద్దరిని, భుజం మీద ఒకరిని పెట్టుకుని కూర్చున్నారు. నల్లకోటు వాంతులతో తడిసిపోయింది. నేను ఒక చేత్తో ఆ పిల్లను పట్టుకుని, లారీ అంచు మీద నుంచి బయటికి వాంతి చేసుకుంటూ పోయాను. ఆ పిల్ల కళ్లు గుంటలు పడ్డాయి. పెదవులు ఎండిపోయాయి. "టీచరమ్మా, నీకు కూడా నొస్తాందా?" అని అడిగింది. అవునన్నాను. నా చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

ఆసుపత్రిలో డాక్టరు పెంకులు చూడగానే గుర్తుపట్టాడు. మంచాలు చాలక నేల మీద చాపలు పరిచారు. నలుగురికి చేతికి సూదులు గుచ్చి నీళ్లెక్కించారు. మిగతావాళ్లకు గుక్కెడు గుక్కెడుగా తాగించారు.

"ఈ మొక్క బడిలో ఎవరు నాటారు?" అన్నాడు డాక్టరు.

"నేనే."

"మరి మీరెందుకు వాంతి చేసుకుంటున్నారు?"

"నేనూ తిన్నాను."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన కంపౌండరు వైపు తిరిగి, "ఈమెకు కూడా ఒక చాప వెయ్యి" అన్నాడంతే.

మధ్యాహ్నం రెండైనా ఏమీ తెలియలేదు. డాక్టరు ప్రతి పిల్ల దగ్గరా వంగి, నాడి చూసి, పక్క చాప దగ్గరికి జరిగేవాడు. మూడు గంటలకు ఆ పిల్ల తల్లి వచ్చింది. గని నుంచి ఎండలో నడిచి వచ్చింది. జుట్టంతా రాతిపొడితో తెల్లగా ఉంది. బిడ్డ పక్కన కూర్చుని, కొంగుతో మొహం తుడిచింది. నా వైపు చూడలేదు. 

నాలుగున్నరకేమో, ఆ పిల్ల కళ్లు తెరిచింది. చుట్టూ చూసింది. తల్లిని చూసింది.

"అమ్మా, ఆకలైతాంది. సంగటి తెచ్చినావా?"

ఆ తల్లి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. పక్క చాప మీది పిల్లవాడు, "నాగ్గూడా" అన్నాడు. ఇంకొకడు లేచి కూర్చున్నాడు. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఆకలైతే ఇంక భయం లేదు. గంజి పొయ్యండి" అన్నాడు. గోడకు ఆనుకుని నిలబడి ఉన్న పెద్దయ్యవారు అలాగే జారి నేల మీద చతికిలబడ్డారు. లారీ దిగినప్పటి నుంచి ఆయన కూర్చోవడం అప్పుడే. నాకు కడుపులో నొప్పి ఇంకా తగ్గలేదు గానీ, ఊపిరి మాత్రం నిండా తీసుకున్నాను. ఆ ఊపిరి రుచి నాకిప్పటికీ గుర్తుంది.

పన్నెండు మందీ రెండు రోజుల్లో ఇళ్లకు చేరారు. మూడో రోజు ఊరంతా బడి ముందు చేరింది. నేను రాజీనామా కాగితం రాసి పైటకొంగులో పెట్టుకుని వెళ్లాను. ఊరి పెద్ద అరుగు మీద కూర్చుని, తోట దున్నేయాల్సిందే అన్నాడు. బిడ్డల్ని చదువుకోమని పంపిస్తే ఇసం పెడతారా అని వెనక నుంచి ఒకరు అరిచారు. తప్పు నాదే అని చెప్పడానికి లేచాను. నాకంటే ముందు పెద్దయ్యవారు లేచారు.

"ఆ కంచె వెయ్యమని చెప్పింది నేను. ఈమె చిన్నపిల్ల, ఈ ఊరి మనిషి కాదు. ఈడ పుట్టి పెరిగినోణ్ణి, నాకు తెలియాల్సింది. అడిగేదేమన్నా ఉంటే నన్నడగండి."

ఆయన ఎన్నడూ చెప్పలేదు. తోట వైపు కన్నెత్తి చూడలేదు. నేను నోరు తెరవబోతే, చేత్తో కూర్చోమని సైగ చేశారు.

జనం గొణుక్కున్నారు. అప్పుడు ఆ పిల్ల తల్లి లేచింది. గనికి పోయే వేళయింది, చేతిలో గంప ఉంది.

"ఏమప్పా, నా బిడ్డ చావు దాకా పోయి వచ్చింది. మీకంటే నాకే కోపం ఎక్కువ. ఇసం కంచెలో ఉండాది. కంచె పీకండి. తోటేం చేసింది? వారానికొక దినం నా బిడ్డ కడుపు నిండా కూరాకు తినేది ఈడనే. అది పీకేస్తే మీరెవరన్నా పెడతారా?"

 ఆమె నా దగ్గరికి వచ్చి, అప్పుడు మొదటిసారి నా మొహం చూసింది.

"నువ్వు కూడా తిన్నావంట కదా టీచరమ్మా. తెలిసి పెట్టినోళ్లయితే తినరు" అంది. గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ మాటకు నేనెంత తేలికపడ్డానో ఆమెకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే గొడ్డళ్లు, పలుగులు తెచ్చారు. సాయంత్రానికి కంచె వేళ్లతో సహా లేచిపోయింది. రాలిన గింజలన్నీ ఏరి దూరంగా గుంట తీసి పూడ్చారు. నెల తిరక్కుండా గని కూలీలు పనికిరాని బండల్ని తెచ్చి నిలువునా పాతారు. మేకలు వాటిని కూడా తినలేవు. పెద్దయ్యవారు పై అధికారులకు రిపోర్టు రాశారు. "కంచె గింజలు భక్షించి పిల్లలు అస్వస్థులైరి. ప్రస్తుతము క్షేమము. కంచె తొలగించడమైనది." అంతే రాశారు. అధికారులు కూడా అంతకంటే ఏమీ అడగలేదు.

ఎందుకు అబద్ధం చెప్పారని నేనడిగితే, ఆయన ఉతికినా మరకలు పోని కోటు దులుపుకుంటూ అన్నారు: "నువ్వు పోతే ఐదు తరగతులూ నేనొక్కణ్ణే చెప్పల్ల కదమ్మా." ఆ రాజీనామా కాగితం ఆయనే అడిగి తీసుకుని, వెనక వైపు పిల్లల హాజరు లెక్క వేసుకున్నారు.

కొత్త టీచర్లూ, తోట వద్దని మీకు నేను చెప్పను. నేను తర్వాత పని చేసిన ప్రతి బడిలోనూ వేశాను. కాకపోతే కొత్త ఊరికి వెళ్లగానే ముందు విత్తనాలు కొనేదాన్ని కాదు. ఊళ్లోని ముసలివాళ్లను బడికి పిలిపించి, ఇక్కడ ఏది తినకూడదో చూపించండి అని అడిగేదాన్ని. వాళ్లు పిల్లల వెంట పొలాల్లోకి నడిచి ఉమ్మెత్త, గన్నేరు, గురిగింజ చూపించేవాళ్లు. పిల్లలతో పాటు నేనూ రాసుకునేదాన్ని. ఆ ట్రైనింగు నాకు ఆలస్యంగా దొరికింది. మీరు మొదటి రోజే తీసుకోండి.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఆ ఘటన తర్వాత తోటలో పిల్లలు పని చేసేవాళ్లు, నీళ్లు పోసేవాళ్లు, కానీ ఒక్కరూ ఏదీ నోట్లో పెట్టుకునేవాళ్లు కాదు. తినమని చెప్పే ధైర్యం నాకూ లేదు. టమోటాలు పండి రాలిపోతున్నాయి. గోడకున్న అట్ట ఎప్పుడో తీసేశాను. నెలన్నర తర్వాత ఒక పొద్దున ఆ పిల్ల తోటలోంచి ఎర్రగా మాగిన టమోటా ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. వెనక మూడో తరగతంతా నిలబడింది.

"నువ్వు ముందు తిను టీచరమ్మా."

నేను టమోటాను తిప్పి తిప్పి చూశాను. పిల్లలు చూస్తుండగా, మొత్తం తిన్నాను. అప్పుడు వాళ్లు నా చుట్టూ కూర్చుని, నా మొహంలోకి చూడడం మొదలుపెట్టారు. పాఠం చెప్పబోతే వినలేదు. నేను దగ్గితే అందరూ ఒకేసారి వెనక్కి జరిగారు. పెద్దయ్యవారు గుమ్మంలోంచి తొంగిచూసి తిరిగి వెళ్లారు. అలా గంటసేపు చూశారు. చివరకు ఆ పిల్ల లేచి, దగ్గరికి వచ్చి, నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసి, తోట వైపు తిరిగి కేకేసింది.

"టీచరమ్మ బాగానే ఉండాది! తినండప్పా!"